న సొరుగు

గుంటూరు మున్సిపల్ రికార్డు రూములో
ఫైలు దొరకాలంటే ముందు పానకాలు గారు దొరకాలి అనేవారు.
ఆయన రిటైరై ఏడేళ్ళు.
ఏ బీరువాలో ఏ మూటో
ఆ తలకాయతోపాటే కొరిటెపాడు వెళ్ళిపోయింది.
అందుకని నన్ను పెట్టారు,
అకారాదిగా కార్డులు రాయడానికి, రోజుకి నలభై లెక్కన.

మూట విప్పుతాను.
ఎర్రగుడ్డ ఎప్పుడో ఇటుకపొడి రంగుకి దిగింది.
కలరా ఉండల వాసన,
దాని వెనకే యార్డు వైపు నుంచి మిరపకాయల కోరు.
నేను తుమ్మితే ఒక దశాబ్దం లేచి
మళ్ళీ బల్లమీద కూచుంటుంది.

పానకాలు గారు ఒకసారి పెన్షన్ పనిమీద వచ్చి
టీ చల్లారేలోపు ఒక్క మాట చెప్పిపోయారు:
"కాయితంలో ఏముందో అది కాదు, మస్తానమ్మా,
రేపు వచ్చేవాడు ఏమని అడుగుతాడో అది రాయి."

రేపు వచ్చేవాళ్ళు నాకు తెలుసు.
సర్వే నంబరు అడుగుతారు, హద్దులు అడుగుతారు,
తాత పేరు ఇంటిపేరుతో సహా అడుగుతారు,
ఆ పేరు కింద రెండు సెంట్లయినా ఉంటే.

ఇవాళ్టి ఫైలు సంగడిగుంట బావి మరమ్మతు,
పంతొమ్మిదివందల ముప్ఫై నాలుగు.
పూడిక తీసిన కూలి, నలుగురికి.
గిలక ఒకటి. కొబ్బరి చేద పన్నెండు బారలు.
వెదురు నిచ్చెన ఒకటి, పద్నాలుగు అణాలు.
బ్లీచింగు పొడి.
బిల్లు పాసైంది.
అట్టమీద ఎర్రసిరా: పదేళ్ళు ఉంచి తగలెయ్యవచ్చును.
తగలెయ్యడం ఎవరో మరిచిపోయారు.
ఈ గదిలో సగం చరిత్ర మరుపు పెట్టిన భిక్షే.

బ్లీచింగు పొడి ఎందుకా అని పేజీ తిప్పాను.
"సదరు బావిలో పదకొండో తేదీని శవము తేలినందున
నీరు వాడుకకు పనికిరాదని పేటవాసుల అర్జీ."
శవము, ఒక్క మాట.
నీటి సంగతి మూడు పేజీలు.
చివరి కాయితం అడుగున, చెదలు వదిలిన మేరకు,
ఒక వేలిముద్ర, పక్కనే గుమస్తా రాత:
నాంచారు తల్లి నిశాని.

తల్లికి పేరు రాయలేదు.
కూతురిని పట్టుకుని కాయితంలోకి వచ్చింది.

పాత జాబితాలో ఈ ఫైలుకి ఒకటే పద్దు: బావులు, మరమ్మతు.
నేను కొత్త కార్డు తీసి రాశాను:
నాంచారు. ఇంటిపేరు తెలియదు. వయసు తెలియదు. బావులు చూ.

సొరుగులో పెట్టబోతే చెయ్యి ఆగింది.
సంగడిగుంటలో బావి అని ఎవరంటారు?
నుయ్యి అంటారు. అడిగేవాడూ అదే అడుగుతాడు.
నుయ్యి, బావులు చూ. అని ఇంకో కార్డు తప్పదు.
అదీ ఈ సొరుగులోకే.
నా పక్కన ను.
ఎవరు తోశారో, తనే దిగిందో ఫైలు చెప్పదు,
అక్షరక్రమం అడగదు,
తీసుకెళ్ళి మళ్ళీ ఆ గట్టుమీదే నిలబెడుతుంది.

శవము కింద పెడితే శ, చాలా దూరం, చివరి బీరువా.
కానీ ఆ మాటతో ఎవరు పిలుస్తారు ఆమెని?

మధ్యాహ్నం అలాగే గడిచింది.
నలభైకి పదకొండు తక్కువ పడ్డాయి.
బిల్లు మళ్ళీ చదివాను, అణాలతో సహా.

సాయంత్రం సూపరింటెండెంటు అప్పలాచార్యులు గారు
కార్డులు తిరగేస్తూ కళ్ళజోడు పైకి తోసి,
"నిచ్చెనకి కార్డేంటమ్మా!
నిచ్చెన కావాలని రికార్డు రూముకి ఎవడొస్తాడు?" అన్నారు.

వరసలో దాని చోటు అక్కడుంది సార్, అన్నాను.

నాంచారు.
నిచ్చెన.
నుయ్యి.

సొరుగు ఎప్పటిలాగే సగంలో పట్టేసింది.
రోజూ మోకాలితో ఒక్క పోటు పొడుస్తాను.
ఇవాళ పొడవలేదు.